తరాజుకు పూజ, ఇంటికి జప్తు

మా అక్క ఇంటి తలుపుకు జప్తు కాగితం అతికించారని బాన్సువాడ నుంచి ఫోన్ వస్తే, ఇల్లు పొరబడి అతికించి ఉంటారనుకున్నాను. బీర్కూర్ నుంచి బస్సెక్కి వెళ్లి చూస్తే మా బావ పేరే. జీఎస్టీ బకాయి కింద ఇంటిని ప్రభుత్వం పట్టుకుంది, అమ్మడానికి వీల్లేదు, కట్టకపోతే వేలమే. బావ పోయి అప్పటికి రెండేళ్లు. అక్కకు ఆ రెండు గదులు తప్ప వేరే నీడ లేదు.

బావకు బజార్లో కిరాణా దుకాణం ఉండేది. జబ్బు పడ్డాక మూసేశాడు. ఎలా మూశాడంటే, కొబ్బరికాయ కొట్టి, వాడకట్టులో అందరికీ బెల్లం పంచి, షట్టర్ దించాడు. ఊరందరికీ తెలిసింది, ఒక్క పన్నుల ఆఫీసుకు తప్ప. జీఎస్టీ నంబరు రద్దు చేయించాలని మాలో ఎవరికీ తట్టలేదు. నోటీసులన్నీ బావ ఫోనుకే వెళ్లాయి. ఆయన పోయాక ఆ సిమ్ముకు రీచార్జి చేసినవాడు లేడు. ఇటునుంచి జవాబు లేకపోయేసరికి వాళ్లే అంచనా వేసి పన్ను రాసేశారు.

దసరా మర్నాడు ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చాడట. అక్క చాయ్ కూడా పోసింది. ఆయన చూపు మూలనున్న పాత దుకాణం తరాజు మీద పడింది. దానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ; పక్కన కడిగి పేర్చిన తూకపు రాళ్లు. ఇంట్లోనే వ్యాపారం నడుస్తోందని రాసుకుపోయాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, పై ఆఫీసరు జప్తుకు సంతకం పెట్టాడు.

నాకు ఒళ్లు మండింది, అదీ అక్క మీద.

"మూసిన దుకాణం తరాజుకు పూజ ఏందక్కా? పాతసామానోనికి అమ్మేసెయ్!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పన్నుల కేసులు చూసే ముసలి వకీలు సాబ్ దగ్గరికి వెళ్లాం. కథంతా విని ఆయన నన్నే కోప్పడ్డాడు.

"తరాజు తీసేస్తే దాచినట్టయితది తమ్మీ. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. ఫికర్ చెయ్యకు చెల్లె."

దుకాణం కరెంటు మీటరు తీసేసిన కాగితం, దుకాణం నడిచిన మడిగెలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే అతని కిరాయి కాగితం, బావ దవాఖాన చీటీలు అన్నీ నాతో తెప్పించి అప్పీలు వేశాడు. వ్యాపారం నడిపితే తప్పనిసరైన ప్రభుత్వ ముద్ర ఆ తూకపు రాళ్లకు ఏళ్లుగా వేయించలేదని కూడా రాశాడు.

ఏడాది దాటాక విచారణ వచ్చింది. అప్పీలు వినే ఆఫీసరు అక్కనే సూటిగా అడిగాడు, దుకాణమే లేనప్పుడు పూజ ఎందుకమ్మా అని. వకీలు సాబ్ నోరు తెరిచేలోపే ఆమె అంది.

"గదే మాకు బువ్వ పెట్టింది సారూ. దుకాణం బందయిందని దాని మొకం సూడకుంట ఉంటనా?"

ఆయన కాసేపు కాగితాలు తిప్పి, వెళ్లిరండి అన్నాడు. ఇక ఇల్లు పోయినట్టే అనుకున్నాను.

నెలకు ఉత్తర్వు వచ్చింది. దుకాణం మూతపడిందని ఒప్పుకుని పన్ను కొట్టేశారు, జప్తు ఎత్తేశారు. వకీలు సాబ్ చదివి వినిపిస్తుంటే నేనే ఏడ్చాను, అక్క కాదు. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా నన్ను పిలిచింది.

"తమ్మీ, రేపు మేస్త్రిని తోలుకరా. వంటింటి గోడ పలిగింది, వానొస్తే నీళ్లన్నీ లోపటికే."

ఎప్పుడు పగిలిందని అడిగాను.

"పోయినేడు వానలల్లనే. ఇల్లు మనది గాదన్నరు గదరా. మేకు గొట్టేందుకు గూడ భయమైంది."