మడత మీద కనిపించిన ఎరుపు

నా చిన్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని రోజుల్లో, మంగళగిరిలో మా ఇంటి ముందు జరిగిన సంగతి ఇది. ఇందులో నాకు ఖాయంగా తెలిసిందీ, ఇతరులు చెప్పగా విన్నదీ ముందే వేరు చేయాలి. సైన్యంలో లారీ తోలే మా బాబాయి బర్మా సరిహద్దు నుంచి సెలవు మీద వచ్చాడు. పెట్టెలోంచి ఒక గుడ్డ తీసి మా నాయనమ్మకూ నాకూ విప్పి చూపించాడు. తెల్లటి గుడ్డ మధ్య ఒక గుండ్రం. దాని పై సగం ఎరుపు, కింది సగం నీలం. నాలుగు మూలలా నల్లటి గీతలు, మిగిలిన జాగాలో సిరాతో రాసిన తెలియని అక్షరాలు. ఇంతవరకు కళ్లారా చూసింది.

ఇక విన్నది. అది కొరియా జెండా అనీ, అక్కడినుంచి వచ్చిన సైనికుడొకడు స్నేహంగా ఇచ్చాడనీ బాబాయి చెప్పాడు. వాళ్ల దేశాన్ని జపాను ఆక్రమించుకుంటే పెద్దలు కొందరు చైనా చేరి అక్కడినుంచే ప్రభుత్వం నడుపుతున్నారట. దాని సైన్యంలోంచి కొద్దిమంది బ్రిటిషువాళ్లకు సాయంగా వచ్చి, జపాను సైనికులతో లొంగిపొమ్మని వాళ్ల భాషలోనే మైకులో మాట్లాడేవాళ్లట. పెద్దయ్యాక నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో పుస్తకాలు వెతికి సరిచూసుకున్నాను. ఆ ప్రభుత్వమూ, ఆ కొద్దిమందీ నిజమే. "మాకు నేల లేదు గాని సర్కారు ఉంది" అంటూ ఆ సైనికుడు నవ్వాడన్న మాటకు మాత్రం మా బాబాయి ఒక్కడే సాక్షి.

ఆ గుడ్డ సంగతి బయట అనవద్దని బాబాయి నా చేత ఒట్టు వేయించుకున్నాడు. రెండో రోజే పక్కింటి అమ్మాయికి చూపించాను. పూర్తిగా విప్పే ధైర్యం లేక మడత మీదే చూపించాను. అడ్డంగా సగానికి మడిచిన గుడ్డ మీద ఎర్రటి అర్ధచంద్రాకారం ఒక్కటే, అప్పుడే పొడుస్తున్న సూర్యుడిలా కనిపించింది. విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడినప్పటినుంచి మావైపు జపాను పేరెత్తితేనే జనానికి గుండె జారేది. వాళ్ల ఎర్ర సూర్యుడి జెండా గురించి వినని మనిషి లేడు, చూసిన మనిషీ లేడు. ఆ అమ్మాయి నోటినుంచి మాట సాయంత్రానికే వీధంతా పాకింది. మర్నాడు పొద్దున హెడ్ కానిస్టేబులు బేడీలతో సహా మా అరుగు మీద కూర్చున్నాడు. గూఢచారికి ఉరే వేస్తారని గుమ్మం దగ్గర ఎవరో అన్నారు. నేను మగ్గం వెనక నక్కాను.

మా నాయనమ్మ పెట్టె తెచ్చి, దాని మీదే కూర్చుంది.

"తెరవమ్మా, నాకు బోలెడు పనుంది," అన్నాడు హెడ్డు.

"తెరుస్తానయ్యా. ముందు ఇందులో ఏం చూశారో చూసినోళ్లని చెప్పమను. ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడకుండా నీ చెవిలో చెప్పమను."

"ఇదేవన్నా కోర్టా, ముసలమ్మా?"

"కోర్టయితే నువ్వు నిలబడేవోడివి. మా ఇల్లు గనక కూర్చున్నావు."

నవ్వే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పక్కింటి అత్తయ్య, వీధి చివరి కొట్టాయన, పక్కింటి అమ్మాయి ఒకరి తరువాత ఒకరు వెళ్లి అతని చెవిలో చెప్పారు. నాయనమ్మ చివర నన్నూ పిలిచింది. హెడ్డు ఒంటిమీది బీడీ వాసన, బేడీల చప్పుడు, నా వైపే చూస్తున్న బాబాయి. వీధంతా ఏమంటోందో తెలుసు. నా కళ్లు ఏం చూశాయో ఆ క్షణాన నాకే గుర్తు రాలేదు. "ఎర్ర సూర్యుడు. నిండా ఎరుపే," అన్నాను.

హెడ్డు లేచాడు. "ఒకరు సూర్యుడి చుట్టూ కిరణాలన్నారు, ఒకరు కత్తి కూడా ఉందన్నారు, ఆ పిల్ల సగం సూర్యుడే అంది. సరే, తలో మాటా చెప్పారు. కానీ మీ మనవరాలే నిండా ఎరుపంటోంది కదమ్మా!"

బాబాయి మొహం పాలిపోయింది. నాయనమ్మ నన్ను చూడలేదు. పెట్టె తెరిచి, గుడ్డను రెండు చేతులా దులిపి అరుగంతా పరిచింది. నీలం బయటపడింది.

హెడ్డు వంగి గుడ్డ మీద వేలు పెట్టాడు. "మరి ఈ అక్షరాలో?"

"నాకు తెలుగే రాదు. నీకొచ్చా ఇవి? రాకపోతే రావని రాసుకో. రానిదాన్ని జపాను అని మాత్రం రాయకు బాబూ."

అతను బాబాయి సెలవు కాగితం రెండుసార్లు చదివి, బేడీలు తీసుకుని వెళ్లిపోయాడు. సెలవు ముగిసేదాకా వీధిలో బూట్ల చప్పుడు వినపడినప్పుడల్లా నేను మగ్గం వెనక దూరేదాన్ని.

నేల లేని ఆ కొరియావాళ్లు, చుట్టూ లోకం కాదంటున్నా, మా దేశం ఉందని ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చారు. నేను చూసిన నీలాన్ని నీలమనడానికి నాకు ఒక్క నిమిషం ధైర్యం చాలలేదు. తరువాత లేబరేటరీలో విద్యార్థులు ప్రయోగంలో వచ్చిన రంగు రాసినప్పుడల్లా, "కనపడిందా, రావాలని పుస్తకంలో చదివారా?" అని అడిగేదాన్ని. ఆ ప్రశ్న నిజానికి నాకు నేను వేసుకునేది.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ తేలలేదు. గుడ్డ బయటపెట్టింది నేనేనని తెలిసే, దాన్ని నా చేతే దిద్దించాలని నాయనమ్మ నన్ను సాక్షిగా పిలిచిందా, లేక నేనొక్కదాన్నయినా నిజం చెబుతానని నమ్మి పిలిచిందా? అడగాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఆమె బతికున్నంతకాలం నేను ఒప్పుకోలేదు.