నీళ్ళు పట్టని గుడ్డ

మొన్న మా చిన్న కూతురి బిడ్డ విశాఖపట్నం ప్రయాణం పెట్టుకుంది. అక్కడ సముద్రపు అలల మీద పలక వేసుకొని నిలబడే ఆట నేర్చుకుంటుందట, సర్ఫింగ్ అంటారట. అందుకోసం తెప్పించుకున్న బట్టలన్నీ నా మంచం మీదే పరిచి, ఏది వేసుకోవాలో తేల్చుకోలేక కూర్చుంది. ఒకటి ఒంటికి అతుక్కునే నల్లటి చొక్కా, లాగు. ఒకటి పూలపూల నూలు చొక్కా. ఇంకొకటి వదులుగా, చూడముచ్చటగా ఉన్న పైజామా. నేను నూలు చొక్కా అంచును వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇది నీళ్ళు తాగుతుంది, వద్దన్నాను. ఈత రాని ముసలిదానికి ఇదెట్లా తెలుసునని ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ తరువాత రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

మా నాన్నగారిది వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల దుకాణం. ముందు దుకాణం, వెనుక మా కాపురం. తల్లి పోయిన మా మేనత్త కూతురు పాలకుర్తి దగ్గరి పల్లె నుంచి వచ్చి మా ఇంట్లోనే పెరిగింది. నాకంటే అయిదేళ్ళు పెద్దది, నాకు వదిన వరస. పల్లెలో మోటబావిలో ఈత నేర్చుకున్న మనిషి కాబట్టి, చెరువు నిండి మత్తడి దుంకి, అలుగు మీదుగా నీళ్ళు పొర్లినప్పుడు మగపిల్లలు గోచీలు బిగించి, పాత తలుపు పలకల మీద బోర్లా పడుకొని ఆ నీటితో పాటు జర్రున జారిపోవడం చూసి ఆమెకు కాళ్ళు నిలిచేవి కావు. ఒక్కసారి, పెళ్ళి కాకముందు ఒక్కసారి అట్లా జారాలన్నది ఆమె కోరిక. పెళ్ళి అప్పటికే నిశ్చయమైంది.

అయితే ఏం కట్టుకొని జారాలి? నాట్లు వేసే ఆడవాళ్ళ లాగా చీర గోచి పోసుకుంటే చాలా మేలు గాని, వ్యాపారస్తుల ఇంటి పిల్ల అట్లా కట్టుకుంటే మా నాయనమ్మ బతకనిచ్చేది కాదు. అందుకని నాన్నగారు భోజనం చేసి కునుకు తీసే వేళ మేమిద్దరం దుకాణంలోని పీలికలన్నీ తెచ్చి పెరట్లో నీళ్ళ గోలెంలో ముంచి పరీక్ష చేసేవాళ్ళం. ముంచడం, ఎత్తి పట్టుకోవడం, ఎంతసేపు కారుతుందో చూడడం. ముతక మంజరపాట గుడ్డ అన్నిటికంటే ఎక్కువ నీళ్ళు తాగేది, చిన్న పీలిక కూడా తడిస్తే చేయి లాగేది. పల్చటి మల్లుగుడ్డ తేలికే గాని తడిస్తే కట్టుకున్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఆ రోజుల్లోనే, యుద్ధం ముగిసిన కొత్తలో, సైన్యం వదిలేసిన పారాచూట్ గుడ్డ అమ్మకానికి వచ్చింది, నా ఈడు వాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. అది ముంచి ఎత్తితే ఒక్క దులుపుతో నీళ్ళన్నీ రాలిపోయాయి. వదిన ఆ పీలికను చెంపకు ఆనించుకొని, మళ్ళీ ఒకసారి ముంచి దులిపింది.

చేత్తోనే కుట్టుకుంది, మోకాళ్ళ దాకా లాగు, మోచేతుల దాకా చొక్కా. మధ్యాహ్నాలు ఊరి బయటున్న మా తోట బావిలో అవి వేసుకొని దూకేది. నాకూ ఒక జత కుట్టమన్నాను. "నీకు ఈత రాదు గదనే. మొదలు ఈత నేర్వు, ఎనుక నీకు కుడుత" అన్నది. అందులో తప్పేమీ లేదు. కాని నాకు పదకొండేళ్ళు, నా నోట్లో నువ్వుగింజ నానదు, పైగా అలిగి ఉన్నాను. వెళ్ళి నాయనమ్మకు చెప్పేశాను.

నాయనమ్మ ఆ జతను తెచ్చి పొయ్యిలో వేసింది. అది మామూలు గుడ్డలాగా మండలేదు, కరిగి నల్లటి ముద్దై పొయ్యి అంచుకు అంటుకుపోయింది. చెప్పింది ఎవరో వదినకు తెలుసు. ఆ సాయంత్రం కూడా ఎప్పటిలాగే నాకు జడ వేసింది. తిట్టినా బాగుండేది.

పెళ్ళి పదిరోజులుందనగా చెరువు మత్తడి పడింది. ఊరంతా పసుపు కుంకుమలతో బయలుదేరింది. మగపెళ్ళివారి తరఫు వాళ్ళు ఎవరైనా కనబడతారని నాయనమ్మ వదినకు పెద్ద కుచ్చెళ్ళ లంగా తొడిగింది, నిండుగా కనబడాలని దానికి లోపల అస్తరు. ఆ అస్తరు మంజరపాటది. మా ఇద్దరికీ తెలుసు. మగపిల్లలు పక్కన పెట్టిన పలక ఒకటి చేతికి తీసుకొని, నేను ఓణీ కొంగు పట్టుకుంటే నెమ్మదిగా విడిపించుకొని, "ఇయ్యాల గాకుంటే ఇగ ఎన్నడు?" అన్నది.

జారింది. చక్కగా జారింది, నడుమ మోకాళ్ళ మీద లేచి నా వైపు తిరిగి నవ్వింది కూడా. కింద మడుగులో పలక తిరగబడింది. లంగా మొదట కుండలాగా ఉబ్బి పైకి తేలింది, తరువాత అస్తరు నీళ్ళు తాగి కాళ్ళకు చుట్టుకుంది. ఈత రాక పోలేదామె. కాళ్ళు ఆడక పోయింది. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు ఇంకా ఆటే అనుకుంటున్నారు. మగపిల్లలు దూకి వెతికి తీసేసరికి అంతా అయిపోయింది.

పరామర్శకు వచ్చిన ప్రతి మనిషితోనూ నాయనమ్మ ఒకటే మాట అనేది: "పిల్ల పోతే పోయింది గని, ఒంటి మీది బట్ట ఒంటి మీదనే ఉన్నది. మానం దక్కింది." కన్నకూతురి బిడ్డ గురించి ఆ మాట అన్న మనిషే, ఎవరూ లేనప్పుడు పొయ్యి ముందు కూర్చొని ఆ నల్లటి ముద్దను గోటితో గీకుతూ ఉండేది. అది ఊడి రాలేదు. ఎర్రమన్నుతో ఎన్నిసార్లు అలికినా మళ్ళీ బయటపడేది. నేను చెప్పానన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇదే మొదటిసారి.

ప్రయాణం నాడు మనవరాలు ఆ నల్లటి జత వేసుకొని వచ్చి చూపించింది. దగ్గరికి రమ్మని మోకాళ్ళ దగ్గరా నడుము దగ్గరా చేత్తో తడిమి చూశాను. "ఏం ఎతుకుతున్నవ్ అమ్మమ్మా?" అంది. అస్తరు లేదు కదా అని చూస్తున్నానని ఎట్లా చెప్పను? ఏమీ లేదన్నాను. ఆమె బట్టలను ఇప్పుడు ఎవరూ పొయ్యిలో వేయరు. వాళ్ళమ్మే నవ్వుతూ సంచిలో సర్దింది, వాళ్ళ నాన్న స్టేషన్ దాకా దించి వచ్చాడు. ఇంత సులువుగా జరిగిపోయే పని ఇది. సంతోషించాలి గాని నాకు సంతోషం రావడం లేదు, ఇన్నేళ్ళలో ఎంత వెతికినా నాకు ఓదార్పు దొరకలేదు, ఇక దొరకదు కూడా. లోకమంతా మారేదాకా వదిన ఆగవలసిన పనే లేదు. ఆ ఒక్క వానాకాలం నేను నోరు మూసుకొని ఉంటే చాలు.