వలలో పట్టిన వాయువు

సైన్సు పాఠం చెప్పి, ఊరి జాలర్లందరినీ కత్తులతో బడికి పరుగెత్తించిన టీచరును మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే.

మాది కోవూరు. వరి తెలుసు గానీ వల తెలియదు. మైపాడు దగ్గర సముద్రం ఒడ్డునున్న ఒక బడిలో కొత్తగా చేరాను. తనిఖీ అధికారి నా పాఠం చూసి సంతకం పెడితేనే ఉద్యోగం ఖాయమవుతుంది. ఆయన వచ్చే రోజుకు కణాల పాఠం తీసుకున్నాను. బోర్డు మీద చుక్కలు పెట్టి చెబితే సరిపోయేది. కానీ నాకు తెలివి ఎక్కువ కదా, పిల్లల్నే కణాలుగా మార్చేశాను. ఒకరినొకరు ఆనుకుని ఉన్నచోటే ఊగితే ఘనం, పక్కవాళ్లను రాసుకుంటూ జరిగితే ద్రవం, ఇష్టమొచ్చినట్టు పరుగెత్తితే వాయువు. అయితే మా బడికి ప్రహరీ లేదు. వదిలిపెడితే నా వాయువు సముద్రంలో తేలుతుంది.

పక్కనే ఇసుకలో జాలరి పోలయ్య వల ఆరుతోంది. రేపు వేటకు కావాలి, జాగ్రత్త అని చెప్పి ఇచ్చాడు. నాలుగు కర్రలు పాతించి చుట్టూ కట్టించాను. ఏడో తరగతి మస్తానమ్మ దాన్ని కాసేపు పరీక్షగా చూసింది.

"టీచర్, వలకి ఇన్ని కన్నులుండాయి గదా, గాలి బయటికి పోదా?"

లేవనుకోమన్నాను. అప్పుడే బుద్ధి తెచ్చుకుని ఉంటే మీకీ రోజు నవ్వుకునే భాగ్యం ఉండేది కాదు.

అధికారి వచ్చి కూర్చున్నారు. ఘనం బాగుంది. ద్రవం ఇంకా బాగుంది. ఆయన తల ఊపుతుంటే నాకు ఒళ్లు తెలియలేదు. వేడి పెంచుతున్నానని కేక పెట్టాను. వాయువు పరుగందుకుంది. ఒక కణం వెళ్లి వలకు గుద్దుకుంది, దాని చొక్కా గుండీ వల కన్నులో చిక్కుకుంది. విడిపించబోయిన కణం గుండీలు ఇంకో నాలుగు కన్నుల్లో చిక్కాయి. కర్రలు ఊడి వల అందరి మీదా పడింది. రెండు నిమిషాల్లో ముప్ఫై మందీ ఒకే ముద్ద. అధికారి, పాపం మంచి మనిషి, సాయం చేద్దామని లోపలికి వంగారు. ఆయన చొక్కాకూ గుండీలున్నాయి.

నా ఉద్యోగం ఆ ముద్దలో ఎక్కడో మూలుగుతోంది. ఏడుపొచ్చింది. గోల విని వచ్చిన పోలయ్యను వల కోసేయమని బతిమాలాను.

"గుండీల చొక్కాతో వల కాడికి ఎవరన్నా పోతారా టీచరమ్మా? మేం ఒట్టి ఒంటితో ఎందుకుంటామనుకున్నావు?" అన్నాడు పోలయ్య. నిజం చెప్పొద్దూ, ఉక్కపోతకనుకున్నాను. "వల కొయ్యను. గుండీలే కోస్తా."

అతను కేకేస్తే ఊరి జాలర్లంతా కత్తులతో పరుగెత్తుకొచ్చి గుండీలు తెంపడం మొదలుపెట్టారు. ముద్దలోంచి అధికారి గొంతు వినిపించింది. ఆ స్థితిలోనూ ఆయన తనిఖీ మానలేదు.

"ఇప్పుడు మీరంతా ఏ స్థితిలో ఉన్నారమ్మా?"

"ఘనం సార్," అంది ఆయన మోచేయి కింద నుంచి మస్తానమ్మ. "ఉన్నచోటే ఊగతా ఉండాం."

బయటపడ్డాక ఆయన ఎడమ చేత్తో చొక్కా మూసి పట్టుకుని, కుడి చేత్తో సంతకం పెట్టారు. కింద ఒక మాట రాశారు: 'ఘనం పిల్లలకు అనుభవంలోకి వచ్చింది. వాయువు మళ్లీ చెప్పవలెను.'

ఆ వారమంతా తల్లులు వరసగా చొక్కాలు తెచ్చిచ్చారు, నేను గుండీలు కుట్టాను. కనుక పాఠకులారా, ప్రాణమున్న కణాలతో ఈ జన్మలో వాయువు పాఠం చెప్పనని సూది పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. మాట తప్పితే, మీ చొక్కాలు కూడా పంపండి.