నాన్న గొంతు తగ్గించిన ఆదివారం

మా నాన్న టెల్కో ఫ్యాక్టరీ ఫోర్జ్ షాపులో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఎర్రగా కాలిన ఇనుము మీద సుత్తులు పడే చోట మనుషులు మాట్లాడుకోరు, అరుచుకుంటారు. ఆ అరుపు ఇంటికీ వచ్చింది, ఆదివారాల్లో టెల్కో కాలనీలోని మా చిన్న తెలుగు చర్చికీ వచ్చింది. పాట ఎత్తుకుంటే అందరికంటే పెద్ద గొంతు ఆయనది. పైగా అందరికంటే రెండు మాటలు వెనక.

పాటలు నడిపించేది నేను. నాకు శ్రుతి పిచ్చి. పిల్లలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే తల కొట్టేసినట్టయ్యేది. ఒక ఆదివారం ఇంటికి రాగానే ఆయన చెవిలో అరిచాను.

"కొంచెం మెల్లిగా పాడు నాన్నా. అందరూ నవ్వుతన్నారు."

"మెల్లిగా పాడితే నాకేటి ఇనిపిత్తాదమ్మా? పాడతన్నానో నేదో నాకే తెల్దు."

విన్నాను గానీ తలకెక్కించుకోలేదు. మరుసటి ఆదివారం నుంచి ఆయన పెదవులు మాత్రమే కదిలాయి. పాట బాగా కుదిరిందని అందరూ మెచ్చుకుంటే సిగ్గులేకుండా సంతోషించాను.

రెండేళ్లకు పాత రేకుల చర్చి తీసేసి కొత్తదానికి పునాది వేశాం. ఆ పాత రేకులు తన చేతులతో బిగించినవాడు నాన్నే. పాస్టరుగారు ఆ రోజు చెర నుంచి తిరిగొచ్చిన ఇశ్రాయేలీయుల సంగతి చెప్పారు. కూలిన ఆలయానికి మళ్లీ పునాది పడితే యాజకులు బూరలు ఊదారట, తాళాలు మోగించారట. జనం కేకలు వేశారట. పాత ఆలయాన్ని ఎరిగిన ముసలివాళ్లు గొల్లుమన్నారట. అందులో ఏది సంతోషమో, ఏది ఏడుపో ఎవరూ పోల్చుకోలేకపోయారట. వాళ్లనెవరూ శ్రుతి అడగలేదు. నాకు అప్పుడు తగిలింది.

"మనమూ అలాగే స్తుతిద్దాం" అన్నారు పాస్టరుగారు. చప్పట్లు, డోలకులు, కేకలతో ఆ చోటంతా హోరెత్తింది. నాన్న ఇటుకల పక్కన నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు. పరుగెత్తుకెళ్లి ఆయన చెవిలో నోరు పెట్టాను.

"నాన్నా, అరువు! నీకెంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా అరువు!"

ఆయన నా తల నిమిరాడు. "ఒద్దు తల్లీ. నోట్లోనే పాడుకోడం అలవాటైపోనాది."

గోడలు లేవకముందే నాన్న పోయాడు. ఆయన గొంతు మళ్లీ ఒక్కసారి వినాలని ఫోనులో ఉన్న చర్చి పాటలన్నీ తెరిచి చూశాను. అన్నీ ఆయన్ని మెల్లిగా పాడమన్న తర్వాత తీసినవే.