చర్చి పక్కన స్నానాల రేవు

జావా నేర్చుకుని, జావా ద్వీపం పక్కనున్న సింగపూరుకి వచ్చి, వంట రాక జావ కాచుకు తాగుతున్న రోజులవి. ఊరి చివర యూ టీ అనే పేటలో నలుగురం కలిసి అద్దెకుండే ఫ్లాటు, తంజోంగ్ పగార్‌లో ఆఫీసు. కంప్యూటరు ముట్టుకున్న ప్రతివాడికీ ఉద్యోగం దొరుకుతున్న కాలం కాబట్టి నాకూ దొరికింది. కాకపోతే ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఖాయం చేస్తే మా ఆవిడని తెచ్చుకోవచ్చు. చెయ్యకపోతే నేనే ఆవిడ దగ్గరికి పోవచ్చు. ఎలాగూ కలుస్తాం గానీ, రెండో పద్ధతిలో మామగారి ముఖం చూడాల్సి వస్తుంది.

నాకు అప్పజెప్పిన మొదటి పని, ఇంగ్లండులో ఏటి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరికి వెబ్‌సైటు. ఆ ఊరి కమిటీ పెద్దాయన కూతురు సింగపూరులోనే ఉంటోంది. ఆవిడ ద్వారా ఈ పని మా కంపెనీకి వచ్చింది. ఆయన కొన్ని ఫొటోలూ, ఊరి చరిత్ర నాలుగు ముక్కలూ పంపించాడు. పాత రాతి వంతెన, నీటితో తిరిగే పిండిమర, చర్చి, ఆ చర్చి గోడ మీద వరదలు ఎంతవరకు వచ్చాయో చెక్కిన గీతలు.

"మిగిలింది ఫొటోలు చూసి రాసెయ్ భాయ్, టైం లేదు," అన్నాడు మా హైదరాబాదీ టీమ్ లీడరు.

గోదావరి లంకలో పుట్టినవాణ్ణి, ఏటి ఒడ్డు ఊరి గురించి నాకు ఒకరు చెప్పాలా? ఒక ఫొటోలో చర్చి పక్కనుంచి నీళ్లలోకి రాతిమెట్లు దిగుతున్నాయి. ఇంకేం, కలం కాదు గానీ కీబోర్డు దానంతట అదే పరిగెత్తింది. చర్చికి ఎగువన మగవాళ్ల స్నానాల రేవు, దిగువన ఆడవాళ్లది, ఆ కిందన బట్టలు ఉతుక్కునే చోటు. ఇంకో ఫొటోలో ఆవులు కనబడ్డాయి. వాటిని కడగడానికీ ఒక చోటు చూపించాను.

కూతుర్ని చూడ్డానికి వచ్చిన కమిటీ పెద్దాయన, మేము చేసింది చూస్తానని ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసుకే వచ్చేశాడు. గోడ మీద తెర వేసి పేజీలు చూపిస్తున్నాం. వంతెనకి తలూపాడు, మరకి తలూపాడు. రేవు దగ్గర కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

లీడరు నా చెవిలో, "ఇదేంది భాయ్! చర్చి పక్కన ఆడోళ్ల స్నానాలా? నీతోని నా నౌకరీ గూడ పోతది!"

"మెట్లున్నాయి కదండీ. మెట్లున్నాక మరెందుకు?" అన్నాను.

"ఎవరు రాశారిది?" అని అడిగాడు పెద్దాయన. చెయ్యెత్తాను. ఆయన నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా ఆపలేదు. అవి మరలో ఆడించిన పిండి బస్తాలు పడవలకెక్కించిన మెట్లట. ఆ చన్నీళ్లలో తమ ఊళ్లో ఏ ఆడమనిషీ కాలు పెట్టలేదన్నాడు. పక్కనున్న కూతురి వైపు ఒకసారి చూసి, కొంచెం గొంతు తగ్గించి, "నేను మాత్రం చిన్నప్పుడు రోజూ ఆ మెట్ల మీంచే దూకేవాణ్ణి. మా అమ్మ చేత తన్నులూ తినేవాణ్ణి," అన్నాడు. ఆడవాళ్లనీ ఆవుల్నీ తీసేసి, పిల్లలు ఈతలు కొట్టేవారని ఒక్క వాక్యం ఉంచమన్నాడు. వెళ్తూ వెళ్తూ, మిగతా పేజీలు కూడా ఈ అబ్బాయి చేతే రాయించమని లీడరుకి చెప్పిపోయాడు. ఆ వారంలోనే నా ఉద్యోగం ఖాయమైంది.

ఫోన్ కార్డు కొనుక్కుని మా ఆవిడకి చేశాను. కథ మొదలుపెట్టబోతే, "ఉందా, ఊడిందా? ముందది చెప్పండి," అంది. ఉందన్నాక తీరిగ్గా కథంతా వింది.

"అయితే ఎవరో తెల్లవాళ్ల ఆడవాళ్లకి రేవు కట్టించారన్నమాట. మన పెరట్లో కుళాయి వేయించమని పెళ్లైనకాణ్ణుంచీ మొత్తుకుంటున్నాను!"

ఇక్కడ వంటింట్లో ఒకటి, స్నానాలగదిలో రెండు ఉన్నాయని, బట్టలు సర్దుకోమని చెప్పాను.