చంద్రి దగ్గర అమ్మ ఇంకా ఉండేది

మా చిన్నప్పుడు... గౌలిపురా బస్తీలో తెల్లవారుతుండగానే మా బాపు మా అమ్మ చీర కప్పుకునేవాడు.

నవ్వకండి. పాడి ఉన్న ఇళ్ళవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. బర్రెకు ఒక చెయ్యి అలవాటైతే ఇంకో చెయ్యిని దగ్గరికి రానివ్వదు. మా చంద్రికి అమ్మ చెయ్యి అలవాటు. అమ్మ జ్వరంతో పోయాక బాపు పాలు పిండబోతే తన్నింది. చివరికి అమ్మ పాత ఆకుపచ్చ చీర తల మీదుగా కప్పుకుని కూర్చున్నాడు. చంద్రి వాసన చూసింది... నెమరు వేసుకుంటూ కుదురుగా నిలబడి పాలిచ్చింది.

అప్పటినుంచి ఆ చీర బర్రెను కట్టేసే తబేలాలోనే, మేకుకు వేలాడుతూ ఉండేది. బాపు దాన్ని ఉతకనిచ్చేవాడు కాదు.

మా చెల్లె లలితకు అప్పుడు నాలుగేళ్ళు. ఏడాది తిరక్కముందే అమ్మ ముఖం మరిచిపోయింది. గోడమీది ఫోటో చూపిస్తే "గీమె మాట్లాడది" అని తల తిప్పుకునేది. అందరికీ అమ్మ గుర్తుంది, నాకే లేదని దానికి ఏడుపు...

ఒకరోజు మా సైన్సు సారు క్లాసులో, కాలంలో వెనక్కి పోయే యంత్రం గురించి చెప్పారు. ఇంటికొచ్చి చెల్లెకు చెప్పాను. దాని కళ్ళు పెద్దవయ్యాయి.

"అక్కా, గా మిషిన్ల కూసుంటే అమ్మకాడికి పోవచ్చా?"

"పోరాదంట. ముందుకైతే పోవచ్చునేమో గని ఎనకకు పోరాదంట. ఎనకకు పోయి మన తాత పెండ్లి ఆపినమనుకో... మరి మనం ఎట్ల పుడ్తం?"

పక్కనే దాణా కలుపుతున్న బాపు నవ్వాడు. "మీ తాత పెండ్లి ఆపితే మా అమ్మ మస్తు సుఖపడేది."

చెల్లె నవ్వలేదు. బాపు చేతులు కడుక్కుని దాన్ని ఎత్తుకున్నాడు. చంద్రి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"మిషిన్ ఎందుకు బిడ్డా... దీనికి మీ అమ్మ ఇంకా ఉన్నది. రోజు పొద్దుగాల ఆమెనే అచ్చి పిండుతున్నదనుకుంటది. దీని పక్కన కూసుంటే మనం గూడ గాడికే పోయినట్టు."

అప్పటినుంచి రోజూ పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ వెళ్ళి, చంద్రి పక్కన గడ్డి మీద కూర్చునేది మా లలిత. యంత్రం ఎక్కినట్టే.

దసరా ముందు మా మేనత్త వచ్చింది. ఇల్లంతా దులిపింది, దుప్పట్లన్నీ ఉతికింది. పాపం, ఆమెకేం తెలుసు... మేకుకున్న చీర మురికిగా ఉందని దాన్ని కూడా సబ్బు పెట్టి ఉతికి మిద్దె మీద ఆరేసింది.

మర్నాడు బాపు ఆ చీరే కప్పుకుని కూర్చున్నాడు. చంద్రి వాసన చూసింది. ఒక్క తన్ను తన్నింది. బకెట్ గోడకు కొట్టుకుంది. బుజ్జగించాడు, దాణా పెట్టాడు... దగ్గరికి రానివ్వలేదు.

బాపు అలాగే పేడలో కూలబడ్డాడు. అమ్మ పోయిన రోజు కూడా మా ముందు ఏడవని మనిషి, ఆ చీరను ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"పోయింది... ఇయ్యాల నిజంగ పోయింది."

మేనత్త గుమ్మంలోనే నిలబడిపోయింది.

అప్పుడు గడ్డి మీంచి లేచింది మా లలిత. చంద్రి తన్నుతుందని అరిచాను. చెల్లె వినలేదు. నేరుగా వెళ్ళి చంద్రి డొక్కకు చెంప ఆనించి, నాలుకతో టక్ టక్ మనిపించి, కొంచెం సాగదీసి అంది...

"రావే తల్లీ... ఇయ్యవే తల్లీ..."

అది అమ్మ పిలుపు. అదే టక్ టక్, అదే సాగదీత. పాలు పిండేటప్పుడు అమ్మ చెల్లెను వీపుకు కట్టుకునేది... ఆ వీపు మీద విన్న మాటలవి.

చంద్రి చెవులు కదిలాయి. మెల్లగా మెడ ఇటు తిప్పింది. పొదుగులోకి పాలు చేపింది.

బాపు పిండుతూ అడిగాడు, "ఎవలు నేర్పిన్రు బిడ్డా?"

"ఎవలు నేర్పలె. అమ్మ గట్లనే అంటది గద!"

అమ్మ గుర్తులేదని ఏడ్చే పిల్ల ఆ రోజు తర్వాత మళ్ళీ ఆ మాట అనలేదు.

ఇప్పుడు ఆ తబేలా లేదు, అక్కడ మూడంతస్తుల బిల్డింగ్ లేచింది. మాకూ పాలు ప్యాకెట్లలోనే వస్తున్నాయి. మొన్న లలిత ఇంటికి వెళ్తే, దాని కూతురు పాలు తాగనని మొండికేసి కూర్చుంది. లలిత గ్లాసు పట్టుకుని, నాలుకతో టక్ టక్ మనిపించి, "రావే తల్లీ... తాగవే తల్లీ..." అంది. తను ఏమన్నదో దానికే తెలియదు. నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, అమ్మ గొంతు విన్నాను.

ఆ పిల్ల కూడా చంద్రిలాగే మెడ తిప్పి చూసింది.

సైన్సు సారు చెప్పింది నిజమే కావచ్చు, వెనక్కి మనం పోలేం... కానీ వాళ్ళు మన దగ్గరికి వస్తూనే ఉంటారు. మీ ఇంట్లో పోయినవాళ్ళ మాట ఇప్పుడు ఎవరి నోట బతికుంది? చెప్పండి... వినాలనుంది.