రెండు ఉత్తరాలు, మూడు కారణాలు

ప్రింటింగ్ ప్రెస్సులో అందరూ ఆమెను కామా అక్క అంటారు. మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలకు ప్రూఫులు దిద్దడం ఆమె పని. చీమ తలకాయంత అక్షరాలు, ఇరవై ఆరేళ్లుగా అవే. ఇంటికి కరెంటు బిల్లు వచ్చినా మొదట వెనకవైపే చదువుతుంది.

ఆ ఏడాది వాళ్ళక్కకు కంటి ఆపరేషన్ అయింది. రెండో కన్ను ఎప్పుడో పోయింది, మిగిలింది అదొక్కటే.

"కట్టు విప్పేటప్పుడు నువ్వు ఎదురుగా ఉండాలే. ముందు నీ మొహమే చూస్తాను," అంది అక్క ఫోనులో.

రెండు విమానాలు మారి వెళ్ళాలి. మొదటిది మూడు గంటలు ఆలస్యమైంది. పైలట్లు ఇంకా రాలేదని కౌంటరులో అమ్మాయి మైకులో చెప్పింది. కామా అక్క ఆ మాటా, అప్పటి టైమూ బోర్డింగ్ పాసు వెనక రాసుకుంది.

పక్క కుర్చీలో ఉన్న లిఫ్టు మెకానిక్ నవ్వాడు. "ఏంటండీ, పరీక్షకు నోట్సా?"

"అలవాటు," అంది.

వాళ్ళు దిగేసరికి రెండో విమానం వెళ్ళిపోయింది. మర్నాటి మధ్యాహ్నానికి సీట్లిచ్చి, బస మీరే చూసుకోండన్నారు. ఇద్దరూ ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని ఎవరి దారిన వాళ్ళు గది వెతుక్కున్నారు.

ఆమె ఆసుపత్రికి చేరేటప్పటికి అక్క నల్లకళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చునుంది.

"ఒక్కరోజు ఆగమని డాక్టరును అడగలేకపోయావా?"

"అడిగానే. నీ విమానం టైముతో నా కట్టుకు పనిలేదన్నాడు. ముందు ఆయన మీసం కనపడింది."

కామా అక్క నవ్వింది. తర్వాత బాత్‌రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కాసేపు అక్కడే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక విమాన సంస్థకు ఉత్తరం రాసింది. వాతావరణం అనుకూలించలేదు కనుక పరిహారం రాదని జవాబొచ్చింది. కౌంటరు అమ్మాయి మాటలు ఉదహరిస్తూ మళ్ళీ రాసింది. ఈసారి సాంకేతిక లోపమన్నారు, చింతిస్తున్నామన్నారు, ఇంకో ప్రయాణానికి కూపన్ పంపారు. రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి ఎర్ర పెన్నుతో గీత గీసింది.

"కూపన్ తీసుకుని ఊరుకోరాదూ? వాళ్ళతో పెట్టుకుంటే మన చెప్పులు అరగడమే," అన్నాడు భర్త.

"దాని కింద ఏం రాశారో చూశారా? ఇది వాడుకుంటే ఇంకేమీ అడగనని ఒప్పుకున్నట్టట."

కూపన్ తిప్పి పంపి, వినియోగదారుల కోర్టుకు వెళ్ళింది. మూడుసార్లు వాయిదా పడింది. నాలుగోసారి సంస్థ వకీలు వాతావరణం అని మొదలుపెట్టాడు. అధికారి ఉత్తరాలు రెండూ చూశాడు.

"ఒకే రోజు, ఒకే విమానం. వాన పడిందా, యంత్రం చెడిందా?"

"కనుక్కుని చెప్తామండీ."

"ఈవిడ పైలట్లే రాలేదంటున్నారు. ఏదో ఒకటి తేల్చుకుని రండి."

గదిలో అందరూ నవ్వారు, కామా అక్క తప్ప.

వాళ్ళు తేల్చుకు రాలేదు. టికెట్ డబ్బు, బస ఖర్చు, దానిపైన కొంత పరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఆమె మూడుసార్లు చదివి, తన ఇంటి నంబరులో తప్పు పడిందని గుమాస్తాకు చూపించి దిద్దించుకుంది. అసలు కారణం ఏమిటో సంస్థ రాసివ్వాలని కూడా అర్జీలో అడిగింది. తీర్పులో ఆ ఊసే లేదు. డబ్బు చేతికొచ్చాక కూడా ఆమెకు ఆ లోటు పోలేదు.

సంగతి తెలిసి లిఫ్టు మెకానిక్ ఫోన్ చేశాడు. ఆ రోజు అతనికి ఉద్యోగం ఇంటర్వ్యూ పోయింది. వాళ్ళిచ్చిన కూపన్ అప్పుడే వాడేసుకున్నాడు.

"కింద రాసింది చదవకుండా వాడేశారు. కష్టమండీ," అని ఉన్నమాట చెప్పింది.

"అంటే ఇక వదిలేయమంటారా?"

"కాగితాలన్నీ పట్టుకుని ఆదివారం రండి, చూద్దాం."

అతని తరఫున ఉత్తరం తనే రాసింది. నాలుగు నెలలైంది. ఇంకా జవాబు రాలేదు.